దయ్యం ముందు సొంత పేరు

సినిమా చూసొచ్చి కథ చెప్పేటప్పుడు పాత్రల పేర్లతో చెప్పేవాళ్లు చాలా తక్కువ. నల్లగొండ బస్టాండులో దేవరకొండ బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు దోస్తుల మాటలు చెవిన పడితే ఇలా ఉంటాయి: "గప్పుడు వెన్నెల కిషోర్ పొయ్యి తలుపు తీస్తడు. లోపట దయ్యం కూసొని ఉంటది. ఇగ సూడు..." ఆ పాత్ర పేరేమిటని మధ్యలో అడిగితే చెప్పేవాడు తడుముకుంటాడు, కథ ఆగిపోతుంది. స్క్రిప్టులో రాసుకున్న పేరు దర్శకుడికీ సెన్సారు కాగితాలకూ పనికొస్తుంది. చూసినవాడి బుర్రలో మాత్రం తలుపు తీసింది కిషోరే, జడుసుకున్నది కిషోరే.

ఈ అలవాటునే పునాదిగా తీసుకున్న సినిమాలు కొన్ని ఉన్నాయి. వాటిలో నటుడు తన సొంత పేరుతోనే వస్తాడు. కథలోనూ అతని వృత్తి నటనే. అంతకుముందు చేసిన సినిమాల ఊసు మాటల్లో దొర్లుతుంది. ఆ తర్వాత ఆ మనిషి మీదికి దయ్యమో, లేచి తిరిగే శవంలాంటి జాంబీయో, ప్రళయమో వచ్చి పడుతుంది. భయమూ నవ్వూ కలిసిన ఈ తరహాకు అమెరికాలో ఒక వరుస ఏర్పడింది. తెలుగులో అది సగం దూరం వచ్చి ఆగింది. మిగతా సగం నడవడానికి కావాల్సిన సరుకు నల్లగొండ, పాలమూరు ఊళ్లలో దండిగా ఉంది. అదేమిటో తెలియాలంటే ముందు ఆ సినిమాలు ఎలా పనిచేస్తాయో విడదీసి చూడాలి.

2013లో సేథ్ రోగన్, ఇవాన్ గోల్డ్‌బర్గ్ కలిసి తీసిన 'దిస్ ఈజ్ ది ఎండ్' ఇందులో బాగా తెలిసిన సినిమా. నటుడు జేమ్స్ ఫ్రాంకో ఇంట్లో దావత్ నడుస్తుంటుంది. వచ్చినవాళ్లలో ఎక్కువమంది నటులే, తమ పేర్లతోనే ఉంటారు. ఆ రాత్రే భూమి నోరు తెరుస్తుంది, లోకాంతం మొదలవుతుంది. చచ్చినవాళ్లు చావగా మిగిలిన కొద్దిమంది తలుపులు బిగించుకుని తిండికోసం, నీళ్లకోసం కొట్లాడుకుంటారు. సినిమాకు గుండెకాయ మాత్రం ప్రళయం కాదు. ఊరు వదిలి వచ్చి పేరు తెచ్చుకున్న రోగన్‌కూ, అతని పాత దోస్తు జే బరూషెల్‌కూ మధ్య పెరిగిన దూరమే గుండెకాయ. ఒకడు పట్నంలో కలిసిపోయాడు, ఇంకొకడికి ఆ పట్నమూ ఆ కొత్త స్నేహితులూ మింగుడుపడరు. హైదరాబాదుకు పోయి ఎదిగినవాడినీ పాలమూరులో మిగిలినవాడినీ ఎరిగిన ఎవరికైనా ఆ ముడి వెంటనే అర్థమవుతుంది.

ఆ సినిమాలో ఒక దృశ్యం దగ్గర ఎక్కువసేపు ఆగాలి. ఆ ఇంట్లో మిగిలిన నటుల్లో ఒకడైన జోనా హిల్ రాత్రి ఒంటరిగా దేవుణ్ని ప్రార్థిస్తాడు. తనకు గిట్టని జే చచ్చిపోవాలని కోరుకోవడం అతని ఉద్దేశం. మొదలుపెట్టేటప్పుడు తనెవరో దేవుడికి చెప్పుకుంటాడు. పేరు ఒక్కటే చాలదనుకుని 'మనీబాల్' సినిమాలో నటించినవాణ్నని కలుపుతాడు. ఆ సినిమాకు హిల్‌కు నిజంగానే ఆస్కార్ నామినేషన్ వచ్చింది. అదే రాత్రి అతన్ని దయ్యం పట్టుకుంటుంది. నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. పుట్టించిన దేవుడి ముందు నిలబడి కూడా మనిషి తన సినిమానే ఇంటిపేరుగా చెప్పుకున్నాడు. సినిమావాళ్ల గురించి ఇంతకంటే కఠినమైన మాట వేరే చోట దొరకడం కష్టం. ఆ మాట సినిమావాళ్లే, తమ పేరు పెట్టుకుని చెప్పారు కాబట్టి అది తిట్టులా తగలదు.

ఇదే సినిమాలో మైకేల్ సెరా కాసేపే కనిపిస్తాడు. అంతకుముందు అతను ఎక్కువగా చేసినవి నెమ్మదస్తుడైన, బిడియపు కుర్రాడి పాత్రలు. ఇక్కడ మాత్రం 'మైకేల్ సెరా' మత్తులో ఊగుతూ అందరినీ సతాయించే మనిషి. దీన్ని చూసి నటుడి అసలు గుణం బయటపడిందని ఎవరూ అనుకోరు. అక్కడ కనిపించేది అసలు సెరా కాదు, పాత పాత్రల సెరా కూడా కాదు. జనం మనసులో ఉన్న బొమ్మను పట్టుకుని తిరగేసి చూపించాడు. తన వేషం తానే కట్టడం అంటే తనను తాను విప్పి చూపడం అనుకుంటే పొరపాటు. జనం నోట్లో తిరుగుతున్న తన బొమ్మను చేతిలోకి తీసుకుని, దాంతో ఆడుకోవడం అది.

నల్లగొండకు ఆనుకుని ఉన్న పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో పగటి పొద్దంతా ఒక స్తంభం నీడ నిలిచి ఉంటుంది. సూర్యుడు కదిలినా నీడ కదలదు. ఆ నీడ ఏ స్తంభానిదని వెతికితే ఒక్క స్తంభమూ దొరకదు. మండపంలోని స్తంభాల సందుల్లోంచి, పక్కల నుంచి వచ్చే వెలుగంతా కలిసి ఆ నీడను నిలబెడుతుంది. పేరున్న నటుడి 'నేను' అచ్చం ఇట్లాంటిదే. చేసిన పాత్రలు, ఇచ్చిన ఇంటర్వ్యూలు, పడ్డ గాసిప్పులు, పోస్టర్లు, మీమ్స్ అన్నీ కలిసి ఒక నీడను వేస్తాయి. దాని వెనక మనిషిని వెతకడం వృథా శ్రమ. ఈ తరహా సినిమాలో మంచి నటుడు ఆ నీడనే ఒంటికి తొడుక్కుంటాడు.

మరి ఇది భయంతోనే ఎందుకు ఇంత బాగా అతుకుతుంది? మామూలు హాస్య చిత్రంలో నటుడు తన పేరుతో వస్తే అది పలకరింపులా ఉంటుంది, రెండు నిమిషాలు చప్పట్లు, అయిపోయింది. దయ్యం దగ్గర లెక్క మారుతుంది. భయానికి ప్రాణం మీది ఆపద కావాలి, నవ్వుకు ఆపద నుంచి దూరం కావాలి. ఈ రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. అందుకే సగం హారర్ కామెడీలు మొదటి సగం భయం, రెండో సగం నవ్వు అని వాటాలు వేసుకుంటాయి. సొంత పేరు పెట్టినప్పుడు రెండూ ఒకేచోట కూర్చుంటాయి. అతను ఇంట్లో నిక్షేపంగా ఉన్నాడని చూసేవాడికి తెలుసు, నవ్వగలుగుతాడు. అదే సమయంలో చచ్చేది నిజమైన పేరు. తెర మీద ఆ పేరు నెత్తుట్లో పడి ఉండటం ఎంత తెలిసినా ఒంట్లో ఎక్కడో చురుక్కుమంటుంది. సొంత పేరు పెట్టి 'చచ్చాడు' అనడం మన ఇళ్లలో ఎంత పెద్ద తప్పో గుర్తు చేసుకుంటే చాలు. అట్లాంటి మాట నోరు జారితే పెద్దవాళ్లు వెంటనే 'శుభం పలుకు' అంటారు. ఈ సినిమాలు ఆ అశుభాన్ని కావాలనే పలుకుతాయి.

2009 నాటి 'జాంబీల్యాండ్' దీనికి చక్కటి ఉదాహరణ. జాంబీలు నిండిన దేశంలో నలుగురు మనుషులు తిరుగుతూ తిరుగుతూ హాస్యనటుడు బిల్ మరే బంగళాలో దిగుతారు. మరే బతికే ఉంటాడు. బయట తిరగడానికి వీలుగా ఒంటికి జాంబీ మేకప్ వేసుకుని రోజులు వెళ్లదీస్తుంటాడు. సరదాకు ఒక కుర్రాణ్ని జడిపించబోతే వాడు నిజం జాంబీ అనుకుని కాల్చేస్తాడు. ఇక్కడ మేకప్పే అతన్ని ఇన్నాళ్లు బతికించింది, మేకప్పే చంపింది. నటుడి వృత్తి మొత్తాన్ని రెండు వాక్యాల్లో చెప్పినట్టుంది. పోయేముందు బతుకులో విచారించినవి ఏమైనా ఉన్నాయా అని అడిగితే 'గార్ఫీల్డ్' పేరు చెబుతాడు. ఆ పిల్లి సినిమాకు గొంతు ఇచ్చింది నిజంగా మరేనే.

నటుడు బ్రూస్ క్యాంప్‌బెల్ తానే దర్శకుడై తీసిన 'మై నేమ్ ఈజ్ బ్రూస్' 2007 నాటిది. 1981 'ఈవిల్ డెడ్'లో దయ్యాలతో పోరాడిన యాష్ పాత్ర అతనికి అభిమానులను తెచ్చిపెట్టింది. ఈ సినిమాలో మాత్రం అతను తాగుడుకు లోబడి, ట్రెయిలర్ ఇంట్లో బతుకుతూ, చెత్త సినిమాలు చేసుకునే నటుడు. ఒక చిన్న ఊరి కుర్రాడు పొరపాటున భూతాన్ని లేపుతాడు. దాన్ని అణచగలవాడు బ్రూస్ ఒక్కడేనని నమ్మి ఎత్తుకుపోతాడు. బ్రూస్ ఇదంతా తన పుట్టినరోజుకు ఏజెంటు ఏర్పాటు చేసిన తమాషా అనుకుని వీరుడిలా తిరుగుతాడు. భూతం నిజమని తెలిసిన క్షణం పరుగు లంకించుకుంటాడు.

ఈ కథ తెలుగు ఊరికి కొత్తది కాదు. తెర మీద కృష్ణుణ్ని చూసి ఎన్టీఆర్ పటానికి దండం పెట్టిన జనం మనవాళ్లు. పగటి వేషగాడు రాముడి వేషంలో వాకిట్లోకి వస్తే అతను ఏ ఊరివాడో తెలిసి కూడా ముసలమ్మ చేతులు జోడిస్తుంది. కోదాడ దగ్గరి గుడిబండ నుంచి వెళ్లిన కాంతారావు జానపద చిత్రాల్లో ఎందరు మాంత్రికులను, ఎన్ని భూతాలను గెలిచాడో లెక్కలేదు. జనం ఆయనను 'కత్తి కాంతారావు' అనే పిలిచారు. ఒక అమాస రాత్రి ఊరివాళ్లు వచ్చి తలుపు కొట్టి, 'మా చెరువుగట్టు మీద దయ్యం తిరుగుతున్నది, కత్తి తీసుకొని రావాలె' అని అడిగారనుకుందాం. ఆ అమాయకమైన నమ్మకం ముందు నటుడు ఏం చేస్తాడు? నవ్వేసి పంపితే నమ్మకం విరుగుతుంది, వెళితే ప్రాణం పోతుంది. క్యాంప్‌బెల్ సినిమాకు బలం ఈ ఇరకాటమే.

దాని బలహీనత కూడా చెప్పుకోవాలి. బ్రూస్ తనను తాను ఎంత చీల్చి చెండాడుకున్నా, పక్కన ఒక చైనా ముసలివాడి పాత్రను తెల్ల నటుడి చేత వెకిలి యాసతో చేయించారు. తన మీద వేసుకున్న జోకులు ఇతరుల మీద జోకులు వేయడానికి లైసెన్సు కావు. తెలంగాణ మాటను దశాబ్దాల పాటు రౌడీలకూ హాస్యగాళ్లకూ మాత్రమే పంచిన సినిమాలు చూసి పెరిగిన ప్రాంతానికి ఈ తేడా ఒకరు వివరించాల్సిన పని లేదు.

వీటన్నిటిలో లోతైన ఆట 2004లో డాన్ మాన్సినీ తీసిన 'సీడ్ ఆఫ్ చక్కీ'ది. చక్కీ అనే హంతక బొమ్మకు జతగా టిఫనీ అనే ఆడబొమ్మ 1998 నుంచే ఉంది. దానికి గొంతు జెన్నిఫర్ టిల్లీది. ఈ సినిమాలో టిల్లీ రెండు పనులు చేస్తుంది. ఒకటి టిఫనీకి గొంతు. రెండోది జెన్నిఫర్ టిల్లీ అనే నటి, అంటే అవకాశాలు తగ్గి, మంచి పాత్ర కోసం వెంపర్లాడుతున్న మనిషి. బొమ్మకు ఈ నటి అంటే పడి చచ్చేంత ఇష్టం. తన ఆత్మను ఆమె ఒంట్లోకి పంపాలని చూస్తుంది, ఆఖరికి పంపుతుంది కూడా. తర్వాత వచ్చిన 'కర్స్ ఆఫ్ చక్కీ' (2013), 'కల్ట్ ఆఫ్ చక్కీ' (2017)లో టిల్లీ రూపంలో తిరిగేది టిఫనీయే. అంటే నటి పాత్రకు గొంతు ఇచ్చింది, పాత్ర వచ్చి నటి ఒళ్లు తీసుకుంది.

పాశ్చాత్య విమర్శకులు దీనికి పెద్ద పెద్ద పేర్లు పెడతారు. మనకు ఒక్క మాట చాలు, పూనకం. తెలంగాణలో సిగమూగడం అంటారు. బోనాల నాడు శివసత్తు మీదికి అమ్మవారు వచ్చినప్పుడు అప్పటిదాకా వదినా, అక్కా అని పిలిచినవాళ్లే 'అమ్మా, తల్లీ' అని మొక్కుతారు. ఆ కొంతసేపు ఆమె పేరు ఎవరూ పలకరు. అమ్మ దిగిపోయాక నీళ్లు చల్లి, మళ్లీ పేరు పెట్టి పిలుస్తారు. పేరు తిరిగొచ్చిందంటే మనిషి తిరిగొచ్చినట్టే. టిల్లీ కథలో అసలు భయం ఇక్కడ ఉంది. ఆమెను పేరు పెట్టి పిలిస్తే పలికేది వేరొకరు. నవ్వు కూడా ఇక్కడే ఉంది. ఆ వేరొకరి గొంతు కూడా ఆమెదే.

మాట్లాడే బొమ్మ అనగానే కోదాడ గుర్తుకు రావాలి. హాస్యనటుడు వేణుమాధవ్ ఆ ఊరివాడే. సినిమాల్లోకి రాకముందు మిమిక్రీ, బొమ్మతో మాట్లాడించే వెంట్రిలాక్విజం ఆయన విద్యలు. ఆ విద్యలో ఉన్న తమాషా ఏమిటంటే, పెద్దమనిషి అనలేని మాట బొమ్మ అంటుంది, తిట్లు పడాల్సింది ఎవరో తెలియక జనం నవ్వుతారు. బొమ్మ నోరు కదులుతున్నంతసేపు పక్కనున్న మనిషి పెదవులు బిగుసుకుని ఉంటాయి. ఆ బిగుసుకున్న పెదవుల వైపు ఒక్కసారి చూపు తిప్పితే ఒళ్లు జలదరిస్తుంది. భయమూ నవ్వూ ఒకే చేతి తొడుగులో ఎట్లా ఇముడుతాయో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి పాఠం లేదు. వేణుమాధవ్ 2019లో వెళ్లిపోయాడు. ఆయన పేరుతోనే ఆయనా, ఆయన బొమ్మా ఉన్న ఒక హారర్ కామెడీ రాలేదన్నది తెలుగు సినిమాకు నిజమైన లోటు.

ఈ తరహాకు ముందు అడుగు వేసింది హాస్యం కాదు. 1994లో వెస్ క్రేవెన్ తీసిన 'న్యూ నైట్‌మేర్'లో నటి హెదర్ లాంగెన్‌క్యాంప్, విలన్ ఫ్రెడీ వేషం కట్టే రాబర్ట్ ఇంగ్లండ్, స్వయంగా క్రేవెన్ తమ పేర్లతో కనిపిస్తారు. లాంగెన్‌క్యాంప్‌ను నిజ జీవితంలో ఒక ఆగంతకుడు వెంటాడి వేధించాడు. ఆమె ఒప్పుకున్నాకే ఆ అనుభవాన్ని కథలో వాడుకున్నారు. ఈ ఒప్పుదల చిన్న విషయం కాదు. ఇవాళ ఒక నటుడి ముఖాన్నీ గొంతునూ అతనికి చెప్పకుండా కంప్యూటర్లో కుట్టి వీడియోలు వదులుతున్నారు. 2023లో అనిల్ కపూర్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి అట్లాంటి వాడకాన్ని ఆపే ఉత్తర్వు తెచ్చుకోవాల్సి వచ్చింది. తన వేషం తాను కట్టడానికీ, తన ముఖాన్ని ఎవరో ఎత్తుకుపోవడానికీ మధ్య ఉన్న గీత ఆ ఒక్క ఒప్పుదలే.

ఇక తెలుగు సంగతి. మన దగ్గర నటుడికీ పాత్రకూ ముడి వేసే పని సినిమా కంటే ముందు జనమే చేశారు. 1982 'నాలుగు స్తంభాలాట' తర్వాత వీరభద్రరావు, వేలు ఇద్దరికీ 'సుత్తి' ఇంటిపేరైంది. 'అల్లరి' 2002లో నరేశ్‌కు, 'సత్యం' 2003లో రాజేశ్‌కు, 'వెన్నెల' 2005లో కిషోర్‌కు కొత్త ఇంటిపేర్లు ఇచ్చాయి. 'ఖడ్గం'లో థర్టీ ఇయర్స్ ఇండస్ట్రీ అని చెప్పుకునే నటుడి వేషం వేసిన పృథ్వీని ఆ మాటతోనే పిలుస్తున్నారు. జోనా హిల్ దేవుడి ముందు 'మనీబాల్' చెప్పుకుంటే అది జోకు. మన నటులకు ఆ జోకును జనం పెట్టి, టైటిల్స్‌లో వేయించి, పెళ్లి పత్రికల దాకా తీసుకెళ్లారు. ఇంత సిద్ధంగా ఉన్న పునాది ప్రపంచంలో ఇంకెక్కడ ఉందో వెతకాల్సిందే.

మన హారర్ కామెడీలు ఆ పునాది మీద కొంత కట్టాయి. 2013 'ప్రేమకథా చిత్రమ్'లో సుధీర్‌బాబు పాత్ర సుధీర్, ప్రవీణ్ పాత్ర ప్రవీణ్. 2014 'గీతాంజలి'లో శ్రీనివాసరెడ్డి పాత్ర పేరు శ్రీనివాస్, అతను సినిమా తీయాలని వచ్చినవాడు. 2024లో వచ్చిన రెండో భాగం సినిమా యూనిట్‌నే దయ్యాల మహల్లోకి తీసుకెళ్లింది. టీవీ షోలతో పేరు తెచ్చుకున్న ఓంకార్ 2015 'రాజుగారి గది'లో టీవీ పోటీనే దయ్యాల బంగళాలో పెట్టాడు. 2017 'ఆనందో బ్రహ్మ' ఇంకా ముందుకు వెళ్లి దయ్యాలనే మనుషులకు భయపడేలా చేసింది. శ్రీనివాసరెడ్డి, వెన్నెల కిషోర్, షకలక శంకర్, తాగుబోతు రమేశ్ గుంపుగా బంగళాలో దిగితే జనానికి కనిపించింది పాత్రలు కాదు, ఆ నలుగురే. అయినా ఏ సినిమా కూడా ఆఖరి గడప దాటి, 'నేను వెన్నెల కిషోర్‌ను' అని నటుడి చేత దయ్యంతో చెప్పించలేదు. పేరు మిగిలింది, బతుకు రాలేదు.

ఎందుకు ఆగిపోయిందో ఊహించడం కష్టం కాదు. పెద్ద హీరో తన పేరుతో పారిపోతే, ఏడిస్తే, తోటివాణ్ని దయ్యానికి వదిలేసి తలుపు వేసుకుంటే అభిమానులు ఒప్పుకోరు. వాళ్లకు ఆ పేరు పచ్చబొట్టు. హాస్యనటులకు ఆ బరువు లేదు. యూట్యూబులో ఊరి లఘుచిత్రాలు తీసే పిల్లలకు అసలే లేదు. వాళ్లు ఇప్పటికే తమ పేర్లతో, తమ ఇళ్లలో, తమ అవ్వలనూ మామలనూ పెట్టి తీస్తున్నారు. ఈ తరహా తెలుగులో పూర్తిగా పుడితే అది జూబ్లీహిల్స్‌లో కాక అచ్చంపేటలోనో మిర్యాలగూడలోనో పుడుతుందనడానికి ఇదే కారణం.

అక్కడ పుడితే దానికి దొరికే మొదటి ఆస్తి భాష. స్టూడియోలో మాట్లాడే తెలుగు నేర్చుకున్నది, ఇంటి యాస ఒంట్లో ఉన్నది. భయం నేర్చుకున్నదాన్ని ముందు ఊడగొడుతుంది. ఇంటర్వ్యూలో 'చాలా ఎక్సైటింగ్‌గా ఉందండీ' అన్న నటుడు చీకటి గదిలో చేయి పడగానే 'అవ్వో, సచ్చిన్రా నాయినా' అంటాడు. ఆ ఒక్క అరుపులో అతని ఊరు, అతను దాచుకున్న బడి రోజులు, అమ్మ పిలుపు అన్నీ బయటపడతాయి. ఇందులో నవ్వు యాస మీద కాదు, యాసను కప్పిపుచ్చుకున్న మనిషి మీద. పైన చెప్పిన చైనా ముసలివాడి జోకుకు ఇది సరిగ్గా తిరగబడ్డ రూపం. అయితే ఒక నియమం ఉంది. ఆ గొంతు నటుడిదే కావాలి. డబ్బింగు వేరొకరు చెబితే సొంత పేరు వేషానికి అర్థమే లేదు.

రెండో ఆస్తి కథ చెప్పే పద్ధతి. ఒగ్గుకథ చూసినవాళ్లకు తెలుసు, కథకుడు ఒక్క క్షణంలో బీరప్ప అవుతాడు, మరుక్షణం బీరప్ప అక్క అవుతాడు, అంతలోనే డోలు ఆపి ఫలానా ఇంటివాళ్లు ఇన్ని రూపాయలు చదివించారని చెప్పి, మళ్లీ అదే ఏడుపులో కలుస్తాడు. చూసేవాళ్లలో ఒక్కరికీ కథ చెడినట్టు అనిపించదు. పాత్రలోకి వెళ్లి రావడం, వచ్చి మళ్లీ వెళ్లడం ఇక్కడ దాచాల్సిన అతుకు కాదు, విద్య. వెండితెర మీద నటుడు తన పేరుతో నిలబడితే అదేదో విదేశీ ప్రయోగమని జంకే నిర్మాత ఒక రాత్రి ఒగ్గుకథ ముందు కూర్చుంటే సరిపోతుంది.

ఇక్కడే చాలా జాగ్రత్తగా ఉండాల్సిన చోటు ఒకటుంది. ఊళ్లో దయ్యం కథ ఎప్పుడూ పూర్తిగా కథ కాదు. బాణామతి, అంటే చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో మనుషులను కట్టేసి కొట్టిన, పళ్లు ఊడగొట్టిన, ప్రాణాలు తీసిన చరిత్ర తెలంగాణ పల్లెలకు ఉంది. బలైనవాళ్లలో ఎక్కువమంది దిక్కులేని ముసలివాళ్లు, ఒంటరి ఆడవాళ్లు, పేదవాళ్లు. కాబట్టి ఊరి పేరు, మనుషుల పేర్లు నిజమైనవి పెట్టి దయ్యం సినిమా తీస్తే మంత్రగాడి వేషం ఎవరికి పడుతుందన్నది తమాషా ప్రశ్న కాదు. ఫలానా ఇంటి ముసలమ్మను చూపించి నవ్వించిన రీలు రేపు ఆ ముసలమ్మ వాకిట్లోకి రాయి తేగలదు. సొంత పేరు వేషానికి ఉన్న గొప్పతనం ఇక్కడ తెలుస్తుంది. నటుడు వేలు తనవైపే తిప్పుకుంటాడు. పిరికివాడు నేనే, గాలి సోకింది నాకే, నవ్వండి అంటాడు. తన పేరును పణంగా పెట్టినవాడికే ఈ చీకట్లో నవ్వించే అర్హత ఉంటుంది.

మూడోది ఇల్లు. తెలుగు దయ్యం సినిమాలు ఇన్నాళ్లు ఊటీ బంగళాలకో, ఊరి చివర అద్దె మేడకో పోయాయి. నల్లగొండ, పాలమూరు ఊళ్లలో దొరల గడీలు ఉన్నాయి. కొన్ని కూలిపోయాయి, కొన్నిటిలో రావిచెట్లు మొలిచాయి. ఆ గోడల మధ్య వెట్టి చేసిన మనుషుల కథలు, 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో వాటి మీద పడ్డ జనం కథలు ఇంకా తాతల నోళ్లలో ఉన్నాయి. ఊటీ బంగళా దయ్యానికి లోపలికి వచ్చినవాడు ఎవడైనా ఒకటే. గడీలో దయ్యానికి అట్లా కాదు. అది దొర దయ్యమైతే వచ్చినవాడి కులం అడుగుతుంది. వెట్టివాడి దయ్యమైతే వచ్చినవాడి తాత ఎటువైపు నిలబడ్డాడని అడుగుతుంది. కల్పిత పాత్రకు ఈ ప్రశ్నలకు జవాబు ఉండదు, రచయిత ఏది రాసిస్తే అదే చెబుతుంది. సొంత పేరుతో వెళ్లిన నటుడికి మాత్రం జవాబు ఉంది. అతని ఆధార్ కార్డులో ఇంటిపేరుంది. ఆ ఊళ్లో అతని పొలం గట్టుంది.

దృశ్యం ఇట్లా ఉంటుంది. పట్నంలో నాలుగు సినిమాలు చేసి పేరు తెచ్చుకున్న కుర్రాడు షూటింగు కోసం సొంత ఊరి గడీకి వస్తాడు. యూనిట్‌లో అందరూ అతన్ని సినిమా ఇంటిపేరుతో పిలుస్తుంటారు. కరెంటు పోతుంది. సెల్‌ఫోను వెలుగులో మెట్ల మీద ఒక ముసలాయన కనిపిస్తాడు, భుజాన గొంగడి, చేతిలో కట్టె. జూనియర్ ఆర్టిస్టు అనుకుని కుర్రాడు సెల్ఫీ కోసం పక్కన నిలబడతాడు. ఫోనులో తానొక్కడే కనిపిస్తాడు. పారిపోవడానికి కాళ్లు రావు. ముసలాయన దగ్గరికి వచ్చి, ముఖంలోకి వంగి చూసి, ఊళ్లో ఏ కొత్త ముఖాన్నైనా అడిగే ప్రశ్నే అడుగుతాడు: "ఎవ్వల పిలగానివి రా?"

కుర్రాడి నోట్లోంచి ముందు సినిమా పేరు వస్తుంది. ముసలాయనకు అర్థం కాదు. మళ్లీ అడుగుతాడు. ఈసారి కుర్రాడు తాత పేరు చెబుతాడు, పదేళ్లుగా ఏ ఇంటర్వ్యూలోనూ చెప్పని పేరు. ముసలాయన కట్టె పక్కన పెట్టి మెట్టు మీద కూర్చుంటాడు. "వాని మనుమనివా! మరి గింత ఆల్శంగ వచ్చినవేంది, కూసో" అంటాడు.